మేం కోసి పారేసిన కింది గీత

రిటైరైనవాణ్ణి కూర్చోబెట్టి "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడిగేవాళ్లంటే నాకు చిరాకు. వాళ్లకు కావలసింది అనుభవాలు కాదు, రెండు మంచి మాటలూ ఒక గ్రూప్ ఫోటో. ఈమధ్య మైదుకూరులో ఒక కాలేజీవాళ్లు పిలిచి మైకు చేతికిచ్చారు. నేను ఈ సంగతి మొదలుపెట్టానో లేదో, ప్రిన్సిపాలు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. సరేలే అని శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ల్యాబుల్లో చేరబోయే పిల్లలు చదివితే చాలు. చదివి నన్ను తిట్టుకున్నా పరవాలేదు, తిట్టుకోవలసిన పనే చేశాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ప్రొద్దుటూరులో ఒక కాలేజీకి ఆనుకుని ఉన్న చిన్న పరిశోధనశాలలో చివరి పదేళ్లూ పనిచేశాను. రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకు మాకు డెంగీ మీద ఒక ప్రాజెక్టు వచ్చింది. వానలు పడి జ్వరాలు మొదలవగానే జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి రోగుల రక్తం ఐసు డబ్బాల్లో బస్సెక్కి వచ్చేది. డబ్బా దించుకోవడానికి మా అటెండరు బస్టాండులో కాపు కాయాలి. ఒకసారి ఆయన టీ తాగి వచ్చేలోపల బస్సు కదిలిపోయి, డబ్బా దువ్వూరు దాకా పోయింది. దాని వెనకాల మోటార్ సైకిల్ మీద నేనూ ఆయనా. ఇవన్నీ పరిశోధన పుస్తకాల్లో రాయరు.

ఆ రక్తంలోని వైరస్‌ను సీసాల్లో పెంచిన కణాలకు ఎక్కించి, అది లోపల ఏం చేస్తోందో చూడటం మా పని. డెంగీ వైరస్ లోపల ఉండేది ఆర్‌ఎన్‌ఏ అనే ఒక పొడవాటి పోగు. దాన్ని కణాల నుంచి బయటికి తీసి, జెల్ అనే మెత్తటి పలకలో పరిగెత్తిస్తాం. పెద్దవి పైన ఆగిపోతాయి, చిన్న ముక్కలు అడుక్కి జారతాయి. తర్వాత పలకలో ఉన్నదాన్ని ఒక తెల్లటి పొర మీదికి ఎక్కించి, వైరస్‌కు సంబంధించింది మాత్రమే నల్లగా కనపడేలా చేస్తాం. అన్నీ బాగా జరిగితే పైన ఒక నల్లటి గీత వస్తుంది. పోగు చెక్కు చెదరలేదని దాని అర్థం.

ఈ ఆర్‌ఎన్‌ఏకు ఉన్నంత సుకుమారం ఇంక దేనికీ లేదు. దాన్ని తుంచి పారేసే ఎంజైములు మన చేతి చెమటలో ఉంటాయి, నీళ్లలో ఉంటాయి, దుమ్ములో ఉంటాయి. వేలు తగిలితే పాడు, గట్టిగా తుమ్మితే పాడు. అందుకని ఆ పనికి వేరే గది, వేరే నీళ్లు, వేరే సామాను.

మా నాయన పులివెందుల పక్కన ఒక పల్లెలో అర్చకుడు. మడిబట్ట ఆరేసిన తీగకు పిల్లలెవరి భుజమైనా తగిలితే, మా అమ్మ ఆ బట్టను మళ్లీ తడిపి ఆరేసేది. అట్లాంటి ఇంట్లో పెరిగినవాడికి ఆర్‌ఎన్‌ఏ గది సంగతి ఒకరు నేర్పాలా? నేనే తలుపు మీద పద్ధతుల కాగితం అంటించాను. ఎవరు ఏ సీసా ముట్టుకోవాలో, ఎవరు ముట్టుకోకూడదో రాసిపెట్టాను. మా సార్, అంటే ప్రాజెక్టు పెద్ద, కోస్తా ఆయన. "మీరుండబట్టి నాకు నిశ్చింతండీ" అనేవారు. ఆ మాట నా తలకు బాగానే ఎక్కింది.

ఆ ప్రాజెక్టులో రీసెర్చ్ స్కాలరుగా ఒక అమ్మాయి చేరింది. జమ్మలమడుగు అవతల ఒక ఊరు. గొర్రెలు కాచుకునే ఇల్లు, ఈ మధ్యే కొంత సేద్యం కూడా పెట్టుకున్నారు. వాళ్ల ఇంట్లోనే కాదు, వాళ్ల వీధిలోనే డిగ్రీ దాటిన మొదటి మనిషి. ఏడాది తిరిగేసరికి సమీక్ష కమిటీ వస్తుంది. పని బాగుందంటే పీహెచ్‌డీకి కొనసాగనిస్తారు, లేదంటే ఇంటికే. ఆ అమ్మాయికి ఇంకో దారి లేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. మాట మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడేది. "ఉండాది", "యాడ" అన్నప్పుడల్లా మా సార్ పెదవి కొసన నవ్వేవారు. చిత్రమేమిటంటే నేనూ ఆ యాసలోనే పుట్టి పెరిగినవాణ్ణి, అయినా ఆయనతో కలిసి నవ్వాను.

ఆమె తీసిన మొదటి ఆర్‌ఎన్‌ఏలోనే ఆ దరిద్రం మొదలైంది. పైన గీత వచ్చింది. కానీ అడుగున, మొత్తం పోగు పదివేల పైచిలుకు రసాయన అక్షరాలైతే అందులో నాలుగైదు వందల పొడవే ఉండే చిన్న ముక్కలు వచ్చే చోట, ఇంకో గీత. పైదానికంటే నల్లగా.

"డిగ్రేడ్ అయిపోయింది" అన్నారు సార్. అంటే ఎంజైము తగిలి తెగిపోయిందని. "మళ్లీ చెయ్యమ్మా."

మళ్లీ చేసింది. మళ్లీ అదే గీత. ఇక అక్కణ్ణుంచి మూడు నెలలు మా ల్యాబు పిచ్చాసుపత్రి అయింది. నీళ్లు మార్చాం. గ్లౌజుల కంపెనీ మార్చాం. గది మొత్తం రసాయనంతో తుడిపించాను. ఫ్యాను ఆపించాను, ప్రొద్దుటూరు ఎండలో, మే నెలలో. దుమ్ము ఎగురుతుందని ఫ్యాను ఆపి, ఆర్‌ఎన్‌ఏను పాడుచేసే చెమటే మనుషులకు పట్టించిన తెలివి నాది. పులివెందుల నమూనా పాడైందేమోనని జమ్మలమడుగు నమూనాతో చేయించాం. అదే గీత, అదే చోట. సార్ రోజూ పదకొండింటికి తలుపు దగ్గరకొచ్చి "పోయిందా?" అని అడిగేవారు, ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్లు.

ఒక మధ్యాహ్నం వరండాలో ఆ అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంది. నన్ను మొదటి నుంచీ సామీ అనే పిలిచేది, మా దిక్కు పూజారుల ఇళ్లవాళ్లను అట్లాగే పిలుస్తారు.

"సామీ, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దండి. మురిగిపోయిందైతే తలా ఒక సైజు ముక్కలై, కింది దాకా మరక మాదిరి పాకాల గదా. ఇది గీసినట్లు ఒకే కాడ నిలుస్తాంది. ఎన్నిసార్లు చేసినా ఆడనే. అదెట్లా?"

"నువ్వు ఒకే తప్పు ప్రతిసారీ చేస్తాండావేమో పాపా."

"వైరస్ ఎక్కించని కణాల్లోది కూడా నేనే తీస్తాండా గదా. అదే చెయ్యి, అవే నీళ్లు. పొరకెక్కించక ముందు జెల్‌లో చూస్తే వాటి ఆర్‌ఎన్‌ఏ శుభ్రంగా ఉండాది. నా చేతి చెమట వైరస్‌దొకటే ఏరుకోని తింటాదా?"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే చేశాను, టీ తాగుతూ గోడ వైపు చూశాను. ఆమె ఆపలేదు.

"నేను చదివినా సామీ. మన కణంలో ఒక ఎంజైము ఉంటాదంట. ఆర్‌ఎన్‌ఏను ఒక కొస పట్టుకోని కొరుక్కుంటా పోవడమే దాని పని. వైరస్‌ది కూడా అట్లే కొరుక్కుంటా వస్తాది. తోక కాడికి వచ్చేతలికి ఆడ ఆర్‌ఎన్‌ఏ తనకు తానే మడతలు పడి, ఉంగరం మాదిరి చుట్టుకోని ఉంటాది. కొస ఆ ఉంగరంలో దూరి ఉంటాది. ఎంజైము లాగేకొద్దీ అది బిగుస్తాది. గొర్రె తాడుకు ముడి తప్పు వేస్తే చూడండి, గుంజేకొద్దీ ఇంకా బిగుసుకుంటాదే, అట్ల. ఇంక అది ముందుకు పోలేదు, ఆడనే ఆగిపోతాది."

"అట్లయితే వైరస్ తన కాపీ తాను తీసుకునేదెట్లా? దానికి మాత్రం ఆ ముడి అడ్డం రాదా?"

ఈ ప్రశ్న అడిగి ఆమెను పట్టేశాననుకున్నాను. ఆమె మొహం వెలిగిపోయింది.

"రాదు సామీ. కాపీ తీసేది అవతలి కొస నుంచి వస్తాది. ఆ పక్క నుంచి వస్తే ముడి ఊరికే ఊడిపోతాదంట. ఈ పక్క నుంచి వచ్చేదానికే అది అడ్డం. మిగిలిపోయిన ఆ తోకముక్కే మన కింది గీత. అది చెత్త కాదు. ఆ ఎంజైము నోటికి అడ్డం పడి దాన్ని పని చేయనీదు, కణం చేసే ఎదురు పోరాటాన్ని కూడా మందం చేస్తాది. మన గీత తప్పు కాదు సామీ. అది రావాల."

నాకు అర్థం కాలేదని చెబితే అబద్ధం. బాగా అర్థమైంది. ఎవరో ఎప్పుడో కనిపెట్టేసిన సంగతి అది, లోకంలో ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు, మా ల్యాబుకు తప్ప. ఆమె ఆ వ్యాసం అచ్చు తీసి, పెన్సిలుతో గీతలు గీసి సార్ బల్ల మీద పెట్టింది. ఆయన మొదటి పేజీ చూసి పక్కన పెట్టారు. "ఇవన్నీ పెద్ద ల్యాబుల సంగతులమ్మా. ముందు మన చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకుందాం" అన్నారు. తర్వాత నెలంతా ఆ వ్యాసం మీద ఆయన టీ కప్పు ఉండటం నా కళ్లతో చూశాను. చదవడానికి అరగంట పట్టేది. మూడు నెలలు తుడుచుకుంటూ కూర్చున్నవాళ్లకు అరగంట దొరకలేదు.

ఆమె ఆ వ్యాసం ఇచ్చిన సాయంత్రమే సార్ నన్ను పిలిచి, "మీరేమంటారు?" అని అడిగారు.

నేనన్న మాట ఇది: "ఆ పాప చేతిలోనే ఏదో ఉంది సార్."

చేయి అన్నాను. పద్ధతి అనలేదు, ద్రవాలు కొలిచి పీల్చే పిపెట్ అనలేదు. ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ మాట? ఆ రోజు అడిగుంటే, సైన్సు అని చెప్పేవాణ్ణి. ఈ రోజు నాకు తెలుసు, అది మా అమ్మ బట్టలు ఆరేసిన తీగ దగ్గర నేర్చుకున్న మాట. మా తాతల నాటి మైలను చేతి గ్లౌజులో పెట్టి ల్యాబులోకి తెచ్చుకున్నాను.

మర్నాటి నుంచి ఆ అమ్మాయిని ఆర్‌ఎన్‌ఏ గదిలోకి రానివ్వలేదు. గడప దగ్గర నేలమీద ఎర్ర టేపు అంటించాను. ఆమె అవతలి గదిలో కణాలు పెంచి, సీసా తెచ్చి టేపు దగ్గర ఉన్న స్టూలు మీద పెట్టాలి. ఆమె వెనక్కి జరిగాక నేను తీసుకోవాలి. సీసాలు కడగడం, గడప బయట పెట్టే మా గది చెత్తడబ్బా తీసి పారేయడం కూడా ఆమెకే అప్పగించారు. సైన్సులో ఎమ్మెస్సీ చేసిన మనిషికి.

మా అటెండరు ప్రొద్దుటూరు సాయిబు, నాకంటే పెద్దవాడు, ఎవరికీ భయపడే రకం కాదు. రెండు రోజులు చూసి మూడో రోజు అడిగేశాడు.

"ఏంది సామీ, ఆ పాపను గడప అవతల నిలబెట్టినారు? ఇది ల్యాబా, దేవళమా?"

"నీకు తెలీదులేప్పా. ఇది సైన్సు."

"నాకు సైన్సు తెలీదు గానీ, ఇది తెలుసు" అని చెప్పి వెళ్లిపోయాడు. వారం రోజులు నాకు టీ తేలేదు.

ఇక నా చేతితో చేసిన రోజు. ఆ పొద్దున నేను తలస్నానం చేసి వచ్చాను, నిజంగా. కొత్త కిట్ విప్పాను. మొదటి నుంచి చివరి దాకా ఇంకొకరి గాలి తగలకుండా చేశాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక పొరను పైకెత్తి వెలుతురులో చూశాను. పైన గీత. అడుగున గీత. అదే చోట, అంతే నల్లగా.

తలుపు అవతల ఆ అమ్మాయి సీసాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పది అడుగులు. పది అడుగులు వేసి, "పాపా, నీ చెయ్యి కాదు, నాకూ వచ్చింది" అని చెబితే సరిపోయేది. ఆ పొరను రెండు మడతలు పెట్టి చెత్తడబ్బాలో వేశాను.

మర్నాడు మళ్లీ చేసినప్పుడు, పొరకెక్కించే ముందే జెల్ అడుగు భాగాన్ని బ్లేడుతో కోసేశాను. కొయ్యడం ల్యాబుల్లో మామూలే, అడుగున పనికొచ్చేది ఏమీ లేకపోతే పొర ఆదా అవుతుందని కోస్తారు. నాకు మాత్రం అడుగున ఏముందో తెలుసు. సార్ ఆ పొర చూసి మురిసిపోయారు. పైన ఒక్కటే గీత. "చూశారా, చేయి మారితే ఎంత తేడానో" అన్నారు. నేను తల ఊపాను. అట్లా ఆరు నెలలు ఊపాను. ప్రతి వారం చెయ్యడం, కొయ్యడం, ఊపడం. సార్ తన నివేదికలో, స్కాలరు పనితనం సంతృప్తికరంగా లేదు, కొనసాగించడం వద్దు అని రాశారు. ఆ కాగితం టైపు చేసింది కూడా నేనే, మా క్లర్కు సెలవులో ఉండటంతో.

కమిటీ వచ్చిన రోజు అధ్యక్షురాలిగా బెంగళూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. తెలుగావిడే. మాట మెత్తగా ఉండేది, చూపు మాత్రం కాదు. సార్ మా పొరల ఫోటోలు తెర మీద వరసగా చూపించారు. ఆవిడ ముందుకు వంగి చూసి అడిగారు.

"కిందిది ఏదండీ?"

"కింద ఏమీ లేదు మేడమ్. చాలా క్లీన్‌గా తీస్తాం" అన్నారు సార్ గర్వంగా.

"అదే నా భయం. డెంగీ పట్టిన కణాల్లో ఆ చిన్న ముక్క ఉండి తీరాలి. లేదంటే మీ దగ్గర ఉన్నది డెంగీ కాకపోవాలి, లేదా ఎవరో కోసేసి ఉండాలి."

సార్ నా వైపు చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, "మొదట్లో మా స్కాలరు చేతిలో కొంత డిగ్రేడేషన్ ఉండేదండీ. టెక్నీషియన్ చేతికి మార్చాక పోయింది" అన్నారు.

ఆవిడ, వెనక వరసలో కూర్చున్న ఆ అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా?"

ఆ అమ్మాయి లేచి తన నోటుబుక్కు తెచ్చి ఆవిడ ముందు తెరిచింది. పేజీ పేజీకీ ప్లాస్టిక్ కవర్లో పెట్టిన సన్నటి తెల్లటి పొర ముక్క. ప్రతిదాని పక్కనా తేదీ, నమూనా పులివెందులదా జమ్మలమడుగుదా అన్నది. ప్రతిదాని మీదా అదే చోట అదే నల్లటి గీత. నేను కోసి చెత్తడబ్బాలో వేసిన జెల్ ముక్కలను ఆమె ఏ రోజువి ఆ రోజు ఏరుకుని, అవతలి గదిలో తనే పొరకెక్కించింది. చెత్త ఆమెకు అప్పగించింది మేమే కదా.

"ఈ ఆర్‌ఎన్‌ఏ ఎవరు తీసింది?"

"సామి తీసినాడు మేడమ్. నన్ను ఆ గదిలోకి రానీలేదు. నా చెయ్యి తగలనే లేదు."

ఆవిడ నా వైపు చూశారు. "మీరేనా?"

"నేనే" అన్నాను.

తర్వాత జరిగినదంతా ఒళ్లు మండించేదే. వారం తిరక్కుండానే మా సార్ ఆ కింది గీత గురించి కాలేజీలో ఉపన్యాసం ఇచ్చారు, తొలి నుంచీ ఆయనకు అనుమానం ఉన్నట్లు. నాకు ఒక మెమో వచ్చింది, జవాబు రాశాను, ఫైలు మూసేశారు. నేలమీద టేపును అటెండరు గోటితో పీకి, ఉండలా చుట్టి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆ అమ్మాయిని కొనసాగించవచ్చని కమిటీ రాసింది. ఆమె ఉండనంది. బెంగళూరు ఆవిడ తన ల్యాబులో చేర్చుకుంటానన్నారు.

వెళ్లే రోజు బస్టాండుకు పోయాను. ముందు ఇంటికి వెళ్లి, అక్కణ్ణుంచి బెంగళూరుకు పోతుందట. ఒక సంచీ, పుస్తకాల పెట్టె. నన్ను చూసి లేచి నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు.

"పాపా, నాకు ముందే తెలుసు. నా చేతికీ అదే గీత వచ్చింది. నీకు చెప్పలేదు. తప్పు చేసినా."

"నాకూ తెలుసు సామీ. మొదటి దినం పొర మడిచి నా డబ్బాలో వేసినారే, దాన్ని ఆ మధ్యాహ్నమే విప్పి చూసినా."

నేను ఆమె పెట్టె అందుకోబోతూ అడిగాను. "అప్పుడే సార్‌కు చూపించకపోయినావా? ఆరు నెలలు ఏల ఊరకుండినావు?"

జమ్మలమడుగు బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆమె సంచీ భుజానికేసుకుని, పెట్టె నన్ను ముట్టుకోనివ్వకుండా తనే ఎత్తుకుంది.

"నా చేతిలో ఏమీ లేదని మీ నోటితో మీరే చెప్తారని ఎదురు చూసినా సామీ" అని చెప్పి బస్సెక్కింది.